ఇరవయ్యో తేదీ తర్వాత: అప్పులు కడుతూ నెల నడిపేదెలా

జీతాలు పడిన మొదటి వారం మా ఇంట్లో ఎవరూ అప్పు ఊసెత్తరు. పదిహేనో తేదీకి గొంతులు కాస్త తగ్గుతాయి. ఇరవై దాటిందంటే నేను ఎదురింటి అక్క దగ్గరికి వెళ్లి, లోకంలో సంగతులన్నీ మాట్లాడి, గడప దిగేటప్పుడు "అక్కా, రెండు వేలుంటే సర్దుతావా, ఒకటో తేదీన ఇచ్చేస్తా" అనేదాన్ని. రెండేళ్లు ఇలాగే నడిచింది. ఆ రెండేళ్లలో మేం ఒక్క కంతు కూడా తప్పలేదు. అయినా మొత్తం అప్పు తగ్గకపోగా పాతిక వేలు పెరిగింది. ఎందుకు పెరిగిందో తెలుసుకోవడానికి ఒక ఆదివారం, ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పట్టాయి.

ప్రతి నెలా ఎంత కడుతున్నామో మాకు నోటికొచ్చు. ప్రతి నెలా కొత్తగా ఎంత తెస్తున్నామో ఎప్పుడూ రాసుకోలేదు. అక్క దగ్గర రెండు వేలు, అంగడిలో ఖాతా, క్రెడిట్ కార్డు మీద గీకిన పదిహేను వందలు. ఒక్కోటీ చిన్నదే. అన్నీ 20కీ 30కీ మధ్యలోనే. ఇల్లు గడుస్తున్నట్టే ఉంటుంది, అప్పు అడుగున ఊరుతూ ఉంటుంది. అందుకే నేను చెప్పే పద్ధతంతా ఆ చివరి పది రోజుల చుట్టూనే తిరుగుతుంది. అక్కడ కారడం ఆగకుండా పైన ఎంత పోసినా దండగే.

మొదటి పని: అప్పులన్నీ ఒకే లెక్కలోకి తేవడం

కాగితం తీసుకుని అప్పులన్నీ రాయండి. బావగారి దగ్గర తీసుకున్న ఐదు వేలు, అంగడి ఖాతా, చీటీ బాకీ, అన్నీ. ఎవరికి, ఎంత అసలు, నెలకు ఎంత కడుతున్నారు, అందులో వడ్డీకి ఎంత పోతోంది. చివరి గడి చాలామంది నింపరు. అసలు కథంతా అందులోనే ఉంది.

మనల్ని తికమక పెట్టేది ఏమిటంటే, బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది, వడ్డీ వ్యాపారి నెలకు నూటికి ఇన్ని రూపాయలు అంటాడు. "బ్యాంకులో 12 శాతమంటమ్మా, ఆయన రెండు రూపాయలకే ఇస్తానన్నాడు" అని మా పక్క వీధిలో ఒకామె నిజంగానే సంతోషపడింది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. కాబట్టి అన్నిటినీ మనకు అలవాటైన భాషలోకి మార్చండి: నెలకు నూటికి ఎంత? బ్యాంకు చెప్పిన శాతాన్ని 12తో భాగిస్తే చాలు. 9 శాతం బంగారం లోను అంటే నూటికి ముప్పావలా వడ్డీ.

మా లెక్క ఇలా తేలింది. బంగారం లోను 80,000, ముప్పావలా వడ్డీ, నెలకు 600. ప్రోనోటు మీద తెచ్చిన లక్ష, రెండు రూపాయలు, నెలకు 2,000. బండి కంతు 3,200, ఇంకా తొమ్మిది నెలలుంది. ఇక క్రెడిట్ కార్డు, బాకీ 48,000. మా కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. వడ్డీ 1,680, పన్ను 302, రెండూ కలిపి 1,982 రూపాయలు. అంటే నూటికి నాలుగు రూపాయల పైమాటే! మేం ప్రతి నెలా బుద్ధిగా కడుతున్న మినిమం డ్యూ, అంటే ఆ నెలకు కట్టి తీరాల్సిన కనీస మొత్తం, 2,400. అందులో అసలుకు పోయింది 418 రూపాయలు. ఇంకో సంగతి. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం, ఈ నెల ఆ కార్డుతో కొన్న సబ్బుపెట్టెకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నలభై, యాభై రోజులు వడ్డీ లేదనే మాట మొత్తం బిల్లు కట్టేవాళ్లకే.

డైలీ ఫైనాన్స్ ఉంటే దాన్నీ ఇదే లెక్కకు తెండి. పది వేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పది వేలకు వెయ్యే కదా" అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిది వేలూ వంద రోజులు మీ దగ్గర ఉండవు, మర్నాటి నుంచే తిరిగి వెళ్లిపోతుంటాయి. ఆ తరుగుదల లెక్కేస్తే నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది, ఏడాదికి 75 శాతం పైనే. మీ జాబితాలో ఇది ఉంటే ఇంకేదీ చూడకుండా ముందు దీన్ని వదిలించుకోండి.

రెండో పని: నెల ఎక్కడ తెగుతోందో క్యాలెండర్ మీద చూడడం

తిరుపతిలో టీటీడీ క్యాలెండర్ లేని ఇల్లు ఉండదు. నేను ఆ పెద్ద క్యాలెండర్‌నే వాడుకున్నాను. చేతిలోంచి, ఫోన్‌లోంచి ఏ రోజు ఎంత పోయిందో రాత్రి పడుకునే ముందు ఆ రోజు గడిలో పెన్సిల్‌తో ఒక అంకె. దేనికి అన్నది కూడా రాయలేదు, మొత్తం అంకె ఒక్కటే. అప్పు తెచ్చిన రోజున మాత్రం అంకె చుట్టూ ఎర్ర సున్నా. యాప్‌లు చాలా ఉన్నాయి గానీ, గోడ మీద అంకె ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. మా ఆయన మూడో రోజుకే "ఇదేంది, నిన్న పదకొండొందలా?" అన్నాడు. యాప్‌లో ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

ఒక్క నెల అలా రాస్తే చాలు. మా క్యాలెండర్లో ఎర్ర సున్నాలు ఐదు, నాలుగు 20 తర్వాతే. ఆ నెల వచ్చింది ఆయన జీతం 26,000, నేను బడిలో తెచ్చేది 11,000, మొత్తం 37,000. ఇంటి ఖర్చు అనుకున్నది బాడుగ ఎనిమిది వేలతో కలిపి 26,800. అప్పులకు 8,200. కలిపితే 35,000. కాగితం ప్రకారం రెండు వేలు మిగలాలి. మిగలకపోగా చేబదులు. ఈ తేడా ఎక్కడిదో మూడో పనిలో తెలుస్తుంది.

మూడో పని: ఏడాది ఖర్చులకు నెలవాటా, చుట్టాలతో సహా

నెల ఖర్చు అనగానే బాడుగ, బియ్యం, పాలు, కరెంటు గుర్తొస్తాయి. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం, మేలో గంగజాతర, వినాయక చవితి, సంక్రాంతి బట్టలు, పెళ్లిళ్ల చదివింపులు, బండి ఇన్సూరెన్స్ గుర్తురావు. అవి వచ్చిన నెల "ఈ నెల అనుకోని ఖర్చు" అంటాం. గంగజాతర మేలో వస్తుందని మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందులో అనుకోనిది ఏముంది?

తిరుపతి వాళ్లకు ఇంకొకటుంది, వేరే ఊరివాళ్లకు చెప్పినా అర్థం కాదు. దర్శనానికొచ్చే చుట్టాలు. రైలు దిగి రేణిగుంట నుంచి ఫోన్ చేస్తారు. రెండు రోజులు ఉంటారు, టిఫిన్లు, భోజనాలు, అలిపిరి దాకా ఆటోలు, వెళ్లేటప్పుడు పిల్లల చేతిలో పెట్టే డబ్బు. రావద్దనలేం, అనకూడదు కూడా, లడ్డూ ఇచ్చే వెళ్తారు పాపం. కానీ దాన్ని ఖర్చుగా రాసుకోకపోతే మాత్రం అది అప్పుగా తేలుతుంది. మేం ఏడాదికి 4,500 అని రాశాం. వినగానే మా అత్తమ్మ "చుట్టాలకు కూడా లెక్కలా" అని మొహం ముడుచుకుంది. సెలవుల్లో వరసగా మూడు కుటుంబాలు వచ్చి వెళ్లాక ఆమే "ఆ కవర్లో ఇంకా ఉందా" అని అడిగింది.

బడి 9,000, పండగలు 8,000, చదివింపులు 5,000, బండి 3,500, చుట్టాలు 4,500. మొత్తం 30,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 2,500. మా దగ్గర కాగితం మీద మిగిలింది రెండు వేలు. అదీ సంగతి. నెలకు ఐదొందలు లోటుతో నడుస్తున్న ఇంట్లో కూర్చుని, మిగులుందనుకుంటూ బతికాం.

ఈ 2,500ను జీతం పడే ఖాతాలో ఉంచకండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా గానీ, ఫోన్‌పేకి కలపని ఇంకో బ్యాంకు ఖాతా గానీ చూసుకోండి. వెళ్లి క్యూలో నిలబడి తీసుకోవాల్సిన డబ్బు కొంచెం ఎక్కువకాలం బతుకుతుంది. అందులోనే ముందుగా ఒక ఐదు వేలు ఎవరూ ముట్టని డబ్బుగా పోగెయ్యండి. పిల్లాడికి జ్వరమొచ్చిందని మళ్లీ వడ్డీకి పోకుండా కాపాడేది అదే. అప్పులుండగా పొదుపేమిటి అంటారు కొందరు. ఐదు వేల వరకు నేను ఒప్పుకోను. ఆ పైన అయితే వాళ్ల మాటే నిజం, ముప్పావలా వడ్డీ కూడా రాని చోట దాచుకుంటూ, రెండు రూపాయల వడ్డీ కట్టడంలో అర్థం లేదు.

నాలుగో పని: మూడు కవర్లు

ఇది చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం ఇదే.

బాడుగ, కంతులు, వడ్డీ, బడి వ్యాను, కరెంటు లాంటివి జీతం పడిన మూడు రోజుల్లోపు కట్టేయండి. ఈఎంఐ తేదీ జీతం కంటే ముందుంటే, బ్యాంకుకు రాసిచ్చి ఐదో తేదీకో ఏడో తేదీకో మార్పించుకోవడానికి ప్రయత్నించండి. ఒక్కసారి ఈఎంఐ బౌన్స్ అయితే మన బ్యాంకు ఒక జరిమానా, అప్పిచ్చినవాళ్లు ఇంకో జరిమానా వేస్తారు.

తర్వాత మిగిలేది చేత్తో ఖర్చుపెట్టే డబ్బు: కూరగాయలు, పెట్రోలు, చిల్లర సామాను, టీలు, పిల్లల పెన్సిళ్లు. దాన్ని నోట్లుగా తీసుకొచ్చి మూడు భాగాలు చేయండి. పెళ్లిళ్లలో చదివింపులకు వాడే, రూపాయి బిళ్ల అతికించిన కవర్లు మా ఇంట్లో మూడు మిగిలి ఉంటే వాటినే వాడాను. ఒకటో తేదీ నుంచి 10 వరకు ఒకటి, 11 నుంచి 20 వరకు రెండోది. మూడోది 21 నుంచి నెలాఖరుకు, అందులో మిగతా రెండింటికంటే మూడొందలు ఎక్కువ పెట్టాలి, ఎందుకంటే కొన్ని నెలలకు 31 ఉంది, నెలాఖరుకు గ్యాస్ అయిపోవడం ఆనవాయితీ.

మూడో కవరు ఇంట్లో ఎవరి మనసు గట్టిదో వాళ్ల చేతికివ్వండి. మా ఇంట్లో అది మా అత్తమ్మ. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో అడుగున పెట్టింది. రెండో నెల పద్దెనిమిదో తేదీన రెండో కవరు ఖాళీ అయింది. ఆయన వెళ్లి "అమ్మా, ఒక ఐదొందలు" అన్నాడు. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా "ఇరవై ఒకటి ఎప్పుడు?" అంది. రెండు రోజులు బండి తీయలేదు, ఊరుబిండి నూరుకుని సంకటి తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నెల క్యాలెండర్లో ఎర్ర సున్నా ఒక్కటే.

యూపీఐ పూర్తిగా మానమని చెప్పను, ఇప్పుడు తోపుడుబండి మీద కొత్తిమీర కట్టకీ స్కానరే. ఫోన్‌తో కట్టిన ప్రతిసారీ అంత మొత్తం కవర్లోంచి తీసి వేరే డబ్బాలో వేయండి, వారానికోసారి ఖాతాలో వేసుకోవచ్చు. కొంచెం చాదస్తమే.

ఎక్కడ తగ్గించాలి అంటే

బాడుగ ఒక్కరోజులో తగ్గదు, పిల్లల బడి మార్చలేం. కాబట్టి పొదుపు చిట్కాలన్నీ ఏకరువు పెట్టకుండా మాకు నిజంగా డబ్బు మిగిల్చినవే చెబుతాను.

అంగడి ఖాతా మూసేశాం. ఖాతాలో తెచ్చేటప్పుడు ధర అడగం, రాసుకోమంటాం. నెల సరుకు ఒకేసారి చీటీ రాసుకుని రొక్కంతో తెచ్చుకున్నాక కందిబేడలు, ఉద్దిబేడలు, చెనిక్కాయ నూనె అన్నీ అవే ఉన్నా ఏడొందలు తగ్గింది. తగ్గింది ఎక్కడంటే మధ్యమధ్యలో తెచ్చుకునే బిస్కెట్లు, మిక్చర్లలో.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. నేను బడికి షేర్ ఆటో మానేసి, పది నిమిషాలు ముందు బయల్దేరి బస్సెక్కుతున్నాను, ఆధార్ కార్డు బ్యాగులో ఉండాలి. నెలకు తొమ్మిదొందలు. బస్సులో నిలబడాలి, అది మాత్రం దాచను.

కరెంటు బిల్లులో మెట్లున్నాయి. ఇప్పుడున్న ధరల్లో 126 నుంచి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. ఎండాకాలం ఏసీ ఉన్న ఇళ్లకు ఆ గీత దగ్గరే దెబ్బ తగులుతుంది. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకుంటే ఏ మెట్టు మీద ఉన్నారో తెలుస్తుంది. తెల్లకార్డు ఉన్నవాళ్లు దీపం పథకంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వదులుకోకండి. ఆ రాయితీ ఖాతాలో పడిందో లేదో కూడా చూసుకోండి.

కూరగాయలకు ఒక్కటే నియమం: ఏది చవకో అదే వండాలి. 2023 జూలైలో టమాటా కిలో వంద ఎప్పుడో దాటేసింది, అదీ పక్కన మదనపల్లె మార్కెట్ పెట్టుకుని. ఆ నెలంతా చింతపండుతోనే నెట్టుకొచ్చాం. ఎర్రగడ్డల ధర దిగినప్పుడు ఐదు కిలోలు తెచ్చి ఆరబెట్టుకోండి.

ఫోన్లలో మూడొందలు, కరెంటులో రెండొందలు కలిపి మాకు మొత్తం 2,100 తేలింది. ముందున్న రెండు వేల మిగులు కలిపి 4,100. అందులో ఏడాది ఖర్చులకు 2,500, లెక్కకందని చిల్లరకు ఒక వెయ్యి తీశాం. మిగిలింది 600. ఇంత కష్టపడితే ఆరొందలేనా అని నీరసమొచ్చింది. అందుకే తర్వాతి పని.

ఖరీదైన అప్పును చవక అప్పుగా మార్చడం

బీరువాలో నా రెండు జతల గాజులు, ఒక హారం ఉన్నాయి. ఇవతల నాలుగు రూపాయల వడ్డీ కడుతున్నాం. నగ కుదువ పెట్టడమంటే పరువు తక్కువ అనుకుంటాం, కార్డు వడ్డీ ఎవరికీ కనపడదు కాబట్టి పరువు బాగానే ఉంటుంది. లెక్క మాత్రం అలా ఊరుకోదు. 48,000 మీద కార్డుకు నెలకు 1,982. అదే మొత్తానికి బ్యాంకులో బంగారం మీద 360. గాజులు తీసుకెళ్లి ఒక్కరోజులో కార్డు బాకీ మొత్తం కట్టేశాం. కార్డుకు నెలనెలా పోయే 2,400లో 360 వడ్డీ పోగా 2,040 చేతికి మిగిలింది. ముందరి ఆరొందలూ కలిపితే నెలకు 2,640. ఇప్పుడు అసలు తీర్చడానికి ఒక ఆయుధం దొరికింది.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలున్నాయి, ఇవి పాటించకపోతే రెండు వైపులా మునుగుతారు. బాకీ కట్టిన రోజే కార్డు వాడకం ఆపేయాలి. లేకపోతే ఆరు నెలలకు బంగారం బ్యాంకులో, కార్డు బాకీ మళ్లీ యాభై వేలలో. నగలన్నీ ఒకే లోను కింద పెట్టకండి, రెండు మూడు విడి లోన్లుగా పెట్టమని అడగండి. అప్పుడు చేతికి కొంత డబ్బు రాగానే ఒక్క నగనైనా విడిపించుకోవచ్చు. ఏడాది గడువు లోనైతే ఆ తేదీని క్యాలెండర్ మీద ముందే రాయండి, వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే వేలం నోటీసు వస్తుంది. బ్యాంకుకు, కుదువ అంగడికి వడ్డీలో తేడా ఎంతుందో అడిగి తెలుసుకున్నాకే పెట్టండి.

బంగారం లేకపోతే పొదుపు సంఘం చూడండి. పట్నంలో మెప్మా, పల్లెల్లో వెలుగు కింద నడిచే సంఘాలకు బ్యాంకు ఇచ్చే అప్పు రెండు రూపాయల వడ్డీ కంటే చాలా చవక. కానీ మీ పేరు మీద తీసి ఇంకొకరికి ఇవ్వడం మాత్రం వద్దే వద్దు. ఇంటి పక్క స్నేహాలు చెడిపోయేది అక్కడే. చీటీ ఇప్పటికే సగం కట్టి ఉంటే, పాడి వచ్చిన డబ్బుతో ప్రోనోటు తీర్చడం మంచిదా అని లెక్క చూసుకోవచ్చు. అప్పులుండగా కొత్త చీటీలో మాత్రం చేరొద్దు.

ప్రోనోటు దగ్గర మెలకువ

ఏ అప్పు ముందు తీర్చాలి అంటే ఎక్కువ వడ్డీది ముందు. ఒక్క మినహాయింపు: బావగారి ఐదు వేలకు వడ్డీ లేదు, కానీ పండక్కి ఆయన వచ్చినప్పుడల్లా మా ఆయన డాబా మీదికెళ్లి కూర్చునేవాడు. దాన్ని మొదట తీర్చేశాం. లెక్క ప్రకారం తప్పే.

ప్రోనోటు లక్షకు రెండు వేల వడ్డీ కట్టుకుంటూ పోతే నాలుగేళ్లకు 96,000 కట్టినా అసలు లక్ష అలాగే ఉంటుంది. వడ్డీ వ్యాపారికి అసలు కొంచెం కొంచెంగా తీసుకోవడం ఇష్టం ఉండదు. "ఉన్నప్పుడు మొత్తం ఒకేసారి ఇయ్యమ్మా, ఇప్పుడు వడ్డీ ఇస్తే చాలు" అంటాడు, ఎంతో మర్యాదగా. నాలుగు నెలలు ఆగి, పోగైన పది వేలు తీసుకుని, వడ్డీతో పాటు వెళ్లాం. మా ఆయన డబ్బు బల్ల మీద పెట్టాడు, నేను నోటు తీయమన్నాను. వడ్డీ వ్యాపారి లోపలికి వెళ్లి ఇనప్పెట్టెలోంచి మడత విడిపోతున్న నోటు తెచ్చాడు. మా ఆయన సంతకం మీది రెవెన్యూ స్టాంపు అంచు ఊడిపోయి ఉంది. వెనకవైపు "అసలుకు చెల్లు రూ. 10,000" అని తేదీ వేసి, ఇద్దరూ సంతకం పెట్టాక నేను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. "మా మీద నమ్మకం లేదా" అన్నాడు. "మా ఆయన జ్ఞాపకం మీద లేదన్నా" అన్నాను. ఆ నెల నుంచి వడ్డీ 1,800.

ఇక్కడ మూడు మాటలు గట్టిగా చెబుతాను. ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కు మీద ఎప్పుడూ సంతకం పెట్టకండి. ప్రోనోటుకు కోర్టులో మూడేళ్ల గడువుంది, అందుకే మూడేళ్లు కాబోతుంటే కొత్త నోటు రాయమంటారు. అలా రాసేటప్పుడు పాత నోటు మీ కళ్లముందు చింపాలి, మిగిలిపోయిన వడ్డీని అసలులో కలిపి పెద్ద అంకె వేయకుండా చూసుకోవాలి. వీలైనంతవరకు డబ్బు ఖాతా నుంచి ఖాతాకు పంపండి. రొక్కానికి సాక్ష్యం ఉండదు.

రాబడి ఒకే తీరుగా లేకపోతే

జీతం ఇళ్లకు పైదంతా సరిపోతుంది. జీపు నడిపేవాళ్లు, పూలంగడి పెట్టుకున్నవాళ్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు తిరుపతిలో వేలమంది. తమిళ భక్తులు ఎక్కువగా వచ్చే పెరటాసి నెలలో, బ్రహ్మోత్సవాలప్పుడు, ఎండాకాలం సెలవుల్లో చేతినిండా డబ్బు, మిగతా నెలల్లో ఖాళీ. వీళ్లు బడ్జెట్‌ను సగటు నెల మీద వేయకూడదు, గడిచిన ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల మీద వేయాలి. కంతులన్నీ ఆ తక్కువ రాబడిలోనే ఇమడాలి. పైన వచ్చిందాంట్లో సగం నీరసపు నెలలకు, సగం నేరుగా అసలుకు.

చిత్తూరు వైపు పల్లెల్లో పాల బిల్లుతో ఇల్లు గడుస్తుంది, మామిడి డబ్బుతో అప్పు తీరుతుంది. ఆ విభజన చాలా మంచిది, చెడగొట్టుకోకండి. చెడేది ఎక్కడంటే కాయ చెట్టు మీద ఉండగానే ధర ఊహించుకుని వడ్డీ వ్యాపారికి మాటిచ్చినప్పుడు. 2025లో తోతాపురి ధర పడిపోతే ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలో 12 అని చెప్పాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి డబ్బు చేతికందడానికి పట్టే రోజులు వేరే. డబ్బు పడిన తర్వాతే తేదీ చెప్పండి.

కట్టలేని నెల వస్తే

వస్తుంది. ఆసుపత్రి ఖర్చో, పని పోవడమో. అప్పుడు ఫోన్ తీయకుండా దాక్కోవడం అన్నిటికంటే ఖరీదైన పని. గడువు తేదీకి ముందే బ్యాంకుకు వెళ్లి, ఏం జరిగిందో చెప్పి, కంతు తగ్గించి గడువు పెంచడం కుదురుతుందా అని రాతపూర్వకంగా అడగండి. సెటిల్‌మెంట్ అంటే తక్కువ కట్టి వదిలించుకోవడం బాగానే అనిపిస్తుంది గానీ, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది. తర్వాత ఇంటి లోను అడిగినప్పుడు ఆ మాటే ఎదురొస్తుంది.

వసూలుకు వచ్చేవాళ్లు పొద్దున 8 గంటల ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. మా ఆయన తమ్ముడు ఒక లోన్ యాప్‌లో ఆరు వేలు తీసుకుంటే, వాళ్లు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పంపారు. మా అత్తమ్మకు కూడా వచ్చింది, ఆమెకు చదవడం రాదు కాబట్టి సరిపోయింది. అలాంటివి జరిగితే స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయండి. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదుకు ముందు వాళ్లకే రాసివ్వాలి, నెలలోపు జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, వివరాలకు 14448. ఏ లోను తీసుకున్నా ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, అన్ని ఖర్చులూ కలిపిన అసలు వడ్డీ రేటు అందులో ఉంటుంది. దాన్ని పన్నెండుతో భాగించడం మీకిప్పుడు వచ్చు.

తీరిన తర్వాత తెచ్చుకోవాల్సిన కాగితాలు

తొమ్మిది నెలలకు బండి కంతులు అయిపోయాయి. ఆ 3,200ను ఇంటి ఖర్చులో కలవనివ్వకుండా మర్నెల నుంచే ప్రోనోటుకు మళ్లించాం. ప్రోనోటు తీరడానికి ఇరవై నెలలు పట్టింది, బంగారానికి ఇంకా ఏడాది పైన ఉంది.

కంతులు తీరగానే పని అయిపోయిందనుకుంటాం, అక్కడ ఇంకో తిరుగుడుంది. బండికైతే ఫైనాన్స్ వాళ్ల దగ్గర బాకీ లేదని చెప్పే ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించుకోవాలి. లేకపోతే బండి అమ్మేటప్పుడు తిప్పలు. కార్డు మూసేస్తే బాకీ లేదని ఈమెయిల్‌లోనైనా రాయించుకోండి. ప్రోనోటు చేతికి తీసుకుని చింపండి, మీరిచ్చిన చెక్కులు ఎన్నో లెక్కపెట్టి వెనక్కి తెచ్చుకోండి. రెండు నెలలాగి సిబిల్ రిపోర్టు తీసి చూడండి, ఏడాదికి ఒకసారి ఉచితం. మా రిపోర్టులో బండి లోను ఇంకా నడుస్తున్నట్టే ఉంది. ఎన్‌వోసీ కాపీ జత చేసి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ పెట్టాను, మూడు వారాల్లో సరిచేశారు.